ఆమె భుజం మీద వేసిన చీర

మొన్న ఉదయం షట్టర్ ఎత్తుతుండగా కబురొచ్చింది. మా షాపులో అందరం అక్కా అని పిలిచే మనిషి ఇక లేదు. ముత్తుకూరు పక్కన వాళ్ల ఊళ్లో నెల్లూరు బస్సు కోసం నిలబడి, నిలబడిన చోటే కూలబడిందట. గుండె అన్నారు డాక్టర్లు. కాదనను. ఆ గుండెను అంతదాకా తెచ్చిందెవరని మాత్రం అడుగుతాను. మేనేజరు "అయ్యో పాపం" అన్నాడు. ఆ నోటితోనే "తువ్వాళ్ల కౌంటర్లోకి ఎవరినైనా పంపండి" అన్నాడు. ఏసీలు వేశారు. మొదటి బేరం వచ్చింది.

ఆమె ఆ కౌంటర్ మనిషి కాదు. నేను చేరినప్పుడు పై అంతస్తులో చీరల దగ్గర ఉండేది. నాది ఆ పక్కనే షర్టు గుడ్డల బల్ల. చీర విప్పి పరవడం ఎవరైనా చేస్తారు. కొనేవాళ్లు ఎటూ తేల్చుకోలేకపోతుంటే అక్క ఆ చీరను తన యూనిఫాం మీదనే భుజాన వేసుకుని, కుచ్చిళ్లు వేళ్లతో పట్టి, అద్దం పక్కన నిలబడేది. ఆ కాసేపూ ఆమె ముఖంలో ఏదో వెలుగు. తర్వాత తీసి, రెండు చేతుల మీదా వేసుకుని, మడతపెట్టి బల్లమీద ఉంచేది. రోజంతా ఎన్ని చీరలు ఆ భుజం ఎక్కి దిగేవో. వాటిలో ఒక్కటీ ఆమెతో ఇంటికి పోలేదు.

సముద్రం ఒడ్డు ఊరి మనిషైనా, అన్నం డబ్బాలో చేపలు తెచ్చేది కాదు. ఎందుకని అడిగితే, "చేతులు వాసనొస్తే చీరకు మాటొస్తాది అబ్బయా" అంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాకే వాళ్లింట్లో పులుసు.

ఇది చదివేవాళ్లలో మా షాపుకు వచ్చినవాళ్లు ఉంటారు. చిటికెలు వేసి పిలిచింది మీరే. "ఏయ్, అది తియ్యి" అన్నదీ, "మేం కొనలేమనుకున్నావా?" అన్నదీ మీరే. మీరు మెట్లు దిగాక అక్క, "ఆమెకు ఎండ తగిలినట్టుండాది, పాపం" అని నవ్వించేది. నాకు నవ్వు వచ్చేది కాదు. బస్టాండులో పంచిన చిన్న పుస్తకాలు చదివి, శ్రమకు గౌరవం ఉండాలని ఆమెకు వినిపించేవాణ్ణి. ఒకరోజు అంతా విని, "ఆ పుస్తకం రాసినాయన చీర కొనను వస్తే ఎట్టా మాట్లాడతాడో, అదీ సూడాల" అంది.

పోయిన పెళ్లిళ్ల సీజన్లో ఒకావిడ కూతురితో వచ్చింది. వంగపండు రంగు వెంకటగిరి చీర, సన్న జరీ అంచు. ఆవిడ ఎంతకీ తేల్చకపోతే అక్క దాన్ని భుజాన వేసుకుంది.

"నీ మీద వేసుకుంటావేంది? నీ నలుపుకు ఏ రంగైతే ఏం తెలుస్తాది?"

కూతురు ఫోన్లోంచి తలెత్తలేదు. అక్క నవ్వు చెదరనివ్వలేదు. "పాప మీద వేసి చూపిస్తానమ్మా."

"వద్దు. నీ ఒంటికి తగిలింది మాకొద్దు. ఇదే రంగులో ఇంకోటి తియ్యి."

"ఒకటే ఉండాదమ్మా."

నేను ఉండబట్టలేక, "నేసినవాళ్ల చేతులు తగలకుండా ఏ చీరొచ్చింది మేడం?" అన్నాను. ఆవిడ మేనేజరును పిలిపించింది. మేనేజరు నన్ను వెనక్కి నెట్టి, అక్కను ముందుకు పిలిచాడు. "అమ్మగారికి క్షమాపణ చెప్పు." అక్క చేతులు కట్టుకుని, "తప్పయిపోయిందమ్మా" అంది. ఏ తప్పో ఆ మేనేజరూ చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు. ఆవిడ చీర కొనకుండానే వెళ్లిపోయింది. దాన్ని తగ్గింపు గుట్టలో పడేశారు. అక్కను కింద తువ్వాళ్ల దగ్గరికి దింపారు.

ఆ సాయంత్రం బస్టాండులో అంది: "చీర మడత చెడితే మళ్లీ వేస్తాం. మాట పడితే యాడ మడతేస్తాం అబ్బయా?"

అప్పటినుంచి ఆమె అడిగింది ఒక్కటే. మేనేజరు కనబడ్డప్పుడల్లా, "సార్, నన్ను పైకి పంపియ్యండి సార్." జీతం పెంచమనలేదు, కూర్చోను స్టూలూ అడగలేదు. "చూద్దాంలే" అనేవాడు ఆయన. కింద ఏం తక్కువైందని నేను అడిగితే, చేతిలో తువ్వాలు చూపించింది. "దీన్ని పట్టుకుని ఎవురూ అద్దం ముందర నిలబడరు గదా." నేనూ వెళ్లి మేనేజరును అడిగాను, అరిచాను. "ఆమె ముఖం పైన ఉంటే బేరం పోతాది" అన్నాడు. అక్కకు ఆ మాట చెప్పలేదు. చెప్పకపోయినా తెలిసినట్టే ఉంది. చివరి రోజుల్లో అడగడం మానేసింది.

షాపు తరఫున పూలదండ పంపారు. మేం ఆటోలో వాళ్ల ఊరికి వెళ్లాం. పై అంతస్తు అమ్మాయిలు ఒక కవరు తెచ్చారు. అందులో ఆ వంగపండు రంగు చీర. గుట్టలోంచి వెతికి, అందరం కలిసి కొన్నదే.

సమాధుల దొడ్డిలో ఇసుక, దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు. అక్క దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చుని చీర విప్పింది. షాపులో వేసినట్టే అక్క భుజాన వేసి, కుచ్చిళ్లు వేళ్లతో సర్దింది. సముద్రపు గాలికి కొంగు లేస్తుంటే అరచేత్తో అణిచింది. ఆ రంగు అక్కకు ఎంత బాగుందో. ఆ మాట వినడానికి అక్క ఉంటేగా?

పాస్టరుగారి ప్రార్థన అయింది. మూత పట్టుకున్నవాళ్లు, "జరుగు తల్లీ" అన్నారు. ఆ అమ్మాయి జరగలేదు. చీరను తిరిగి అందుకుని మడతపెట్టడానికి అలవాటుగా చాచిన రెండు చేతులూ గాలిలో అట్లాగే ఉన్నాయి.