గంట మోగేదాకా

షార్జాలోని రోలా పేటలో నేనుండే ఫ్లాటులో ఎనిమిదిమంది ఆడవాళ్ళం. వాళ్ళందరికీ నేను ఓడక్కని. అట్లాంటిక్ సముద్రాన్ని ఓడలో దాటిన పనిమనిషి వాళ్ళకు ఇంకెక్కడా తగల్లేదు మరి. కొత్తగా ఎవరైనా మంచం అద్దెకు తీసుకుని దిగితే, మొదటి సెలవు రోజున వంట దగ్గర ఎవరో ఒకరు, “ఓడక్క అమెరికా వెళ్ళొచ్చింది, అడుగు” అని ఎగదోస్తారు. ఆ వచ్చినావిడ ఉల్లిపాయలు తరగడం ఆపి, “నిజంగా ఓడలోనే వెళ్ళేరాండీ? లోపల ఎలాగుంటాదండీ?” అంటుంది. లిఫ్టుల గురించి, సినిమా హాలు గురించి, సాయంత్రం కోట్లు తొడుక్కుని డాన్సు చేసే ముసలివాళ్ళ గురించి చెబుతాను. “ఒక్కరే వెళ్ళేరా?” అంటే, “సగం దూరం ఒక్కదాన్నే” అని పొయ్యి వైపు తిరిగిపోతాను.

మిగతా సంగతి నోటితో చెప్పలేక రాస్తున్నాను. పదో తరగతి దాకా చదివాను. రాయడానికి ఆ మాత్రం చాలు.

దుబాయ్‌లో ఆరేళ్ళు ఒక ముసలావిడను చూసుకున్నాను. సింధీ వాళ్ళు. ఆవిడ భర్త బట్టల వ్యాపారం చేసి, నేను రాకముందే పోయాడు. ఆవిడకు కోపం ముక్కుమీదే ఉండేది. నేను పనిలో చేరిన మొదటి నెలలో ఒకరోజు మధ్యాహ్నం టీ పట్టుకుని పిలవకుండానే గదిలోకి వెళ్ళాను. పళ్ళసెట్టు తీసి గ్లాసులో పెట్టుకుని, జుట్టు విరబోసుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున హిందీలో ఒకటే మాట చెప్పింది. పిలిస్తేనే రావాలి, పిలవకపోతే ఇల్లు తగలబడుతున్నా రాకూడదు.

నాకేం బాధ కలగలేదు. గోదావరి జిల్లా నుంచి విమానం ఎక్కించే ముందు ఏజెంటు మాకు వారం రోజులు పని నేర్పించాడు. మిక్సీ, వాషింగ్ మెషిన్ కంటే ముందు నేర్పింది అదే. మూసిన తలుపు గోడతో సమానం. మన ఊళ్ళో అయితే పక్కింటి తలుపు కూడా తోసుకుని వెళ్ళిపోతాం. ఇక్కడ ఇళ్ళలో పనిచేసే ఏ ఆడదాన్ని అడిగినా ఈ మాటే చెబుతుంది. నేను ఆ పాఠం అందరికంటే బాగా నేర్చుకున్నాను. అదే నా కొంప ముంచింది.

కరోనా రెండో ఏడు మా ఇద్దరికీ వచ్చింది. నాకు పది రోజుల్లో తగ్గింది. ఆవిడ చచ్చి బతికింది కానీ ఊపిరితిత్తులు పాడైపోయాయి, గొంతు పోయింది. పక్కగదిలోకి కూడా మాట వినిపించేది కాదు. అప్పుడు అలమర అడుగు నుంచి ఒక ఇత్తడి గంట తీయించింది. వాళ్ళ అత్తగారి కాలంలో అందరినీ భోజనానికి పిలవడానికి మోగించేవారట. గుప్పెట్లో పట్టేంత ఉంటుంది, మోత మాత్రం వీధి చివరిదాకా పోతుంది. ఆవిడ ఒకసారి మోగిస్తే రెండోసారి మోగించే లోపల నేను గుమ్మంలో ఉండేదాన్ని. ఫోనులో కూతురికి ఆ సంగతి చెప్పి మెచ్చుకునేది. నాకు లోపల గర్వంగా ఉండేది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

కూతురు న్యూయార్క్‌లో ఉంటుంది. తల్లిని తన దగ్గరకు తెచ్చుకోవాలని పట్టుబట్టింది. విమానం ఎక్కితే ఊపిరి అందదని డాక్టరు అన్నాడు. అప్పుడు ఓడ మాట వచ్చింది. చలికాలమంతా దుబాయ్ రేవులో తిరిగే పెద్ద ఓడలు ఎండలు ముదరగానే యూరప్ వెళ్ళిపోతాయి. వాటిలో ఒకదానిలో ఇంగ్లండ్ దాకా, అక్కడి నుంచి అట్లాంటిక్ దాటే ఇంకో ఓడలో న్యూయార్క్ దాకా. ఆవిడను దించేసి నేను విమానంలో వెనక్కి వచ్చి, దుబాయ్ ఇల్లు చూసుకుంటూ ఉండాలి. అదీ ఏర్పాటు. నా పాస్‌పోర్టు మీద అన్ని దేశాల ముద్రలూ ఆవిడ పనిమనిషిగా వేసినవే. దుబాయ్ వీసాకు పూచీ పడ్డ కఫీల్ కూడా ఆవిడే. ఊళ్ళో నా కూతురు నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. ఆ చదువంతా ఆ ఒక్క వీసా మీద నడుస్తోంది. ఆవిడ పక్కన లేకపోతే ఆ కాగితాల మీద నేను ఎవరినీ కాను. ఇది నాకు బయలుదేరేటప్పుడే తెలుసు.

మొదటి ఓడ బాగానే గడిచింది. రెండో ఓడలో మాకు పక్కపక్కన రెండు గదులు ఇచ్చారు, మధ్యలో తలుపు. గదులు సర్దే అతను విశాఖపట్నం వైపు మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. నా నుదుటి బొట్టు చూసి తెలుగులోనే పలకరించాడు. అంత సముద్రం మధ్యలో తెలుగు మాట వినేసరికి ప్రాణం లేచొచ్చింది.

మూడో రోజు సముద్రం బాగాలేదు. పొద్దుటి నుంచే ఓడ ఒకవైపు వాలి, కాసేపు ఆగి, రెండోవైపు వాలుతోంది. నాకు రెండుసార్లు వాంతి అయింది. మేడమ్ భోజనం ముట్టుకోకుండా పడుకుంది. మంచం పక్కన బల్ల మీద మందు సీసాలు, గ్లాసు, కళ్ళజోడు, గంట. ఓడ వాలినప్పుడల్లా గంట దానంతట అదే ఘల్లుమంటోంది. మొదటిసారి పరుగెత్తుకుంటూ వెళ్ళాను. ఆవిడ నిద్రలో ఉంది. రెండోసారి వెళ్ళేసరికి కళ్ళు తెరిచి, నన్ను చూసి విసుక్కుంది. పిలవకుండా వచ్చినందుకు ఆ చూపు నాకు తెలిసిన చూపే. మళ్ళీ కళ్ళు మూసుకుంది.

సీసాలు పడి పగలకుండా ఒక్కొక్కటే సొరుగులో పెట్టాను. గ్లాసు, కళ్ళజోడు మాత్రం ఉంచాను. ముఖం తుడుచుకునే తువ్వాలు తీసి గంటకు చుట్టాను, లోపల నాలుక కదలకుండా గట్టిగా. దాన్నీ సొరుగులో పెట్టి మూశాను. ఆవిడ నిద్ర చెడకూడదని చేశాను. కడుపులో తిప్పుతుంటే నా గదిలోకి వచ్చి, మధ్య తలుపు మూసి, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

అప్పుడు రెండు దాటింది.

మూడయింది. ఆవిడ ఇంత సేపు ఎప్పుడూ నిద్రపోదు. పోనీలే, ఒంట్లో బాగాలేదు, పడుకోనీ అనుకున్నాను. నాలుగింటికి కాఫీ తాగే అలవాటు. నాలుగు దాటింది. తలుపుకు చెవి ఆనించి విన్నాను. ఓడ కిర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. గంట మోగలేదు కదా అనుకున్నాను. అయిదయింది. ఇంకా మోగలేదు. నేను నా చేతులతో చుట్టి లోపల పెట్టిన గంట మోగలేదని, నాలుగు గంటల సేపు, ఆవిడకు నాలుగు అడుగుల దూరంలో, ఒద్దికగా కూర్చున్నాను. ఇలాంటి తెలివితక్కువది లోకంలో ఇంకొకతె ఉంటుందా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఆ పూట మాత్రం సొరుగు సంగతి నా బుర్రలోకి ఒక్కసారి కూడా రాలేదు. గంట అంటే బల్ల మీద ఉంటుంది, అవసరమైతే మోగుతుంది. అంతే నాకు తెలిసింది.

ఆరింటికి పక్క సర్దడానికి విశాఖ అతను వచ్చాడు. “అమ్మగారు లెగలేదేటి ఇంకా?” అన్నాడు. పిలవలేదు అన్నాను. అతను నావైపు ఒక రకంగా చూసి, తనే తలుపు తీశాడు.

ఆవిడ మంచం అంచుకు జరిగి ఉంది. గ్లాసు కింద తివాచీ మీద పడి ఉంది. తివాచీ మెత్తటిది కాబట్టి చప్పుడు కాలేదు. ఆవిడ కుడిచెయ్యి చాచి బల్ల మీద పెట్టి ఉంది, వేళ్ళు కొద్దిగా ముడుచుకుని. ఖాళీ బల్ల. ఆ చెయ్యి దేనికోసం తడిమిందో ఆ ఓడ మొత్తం మీద నాకొక్కదానికే తెలుసు.

డాక్టరు వచ్చాడు. గుండె, ఊపిరితిత్తులు అని ఏవో చెప్పాడు. విశాఖ అతను నన్ను ఓదార్చడానికని అది తెలుగులో చెప్పాడు. “ఒళ్ళింకా వెచ్చగానే ఉందంటన్నారక్కా. పోయి అట్టే సేపు అవ్వలేదంట.” అంతకంటే నన్ను నరికేసినా బాగుండేది. డాక్టరు మా పాస్‌పోర్టులు అడిగితే అతనే సొరుగు లాగాడు. తువ్వాలు మూట దొర్లి, లోపల నుంచి చిన్నగా టక్కుమంది. అతను దాన్ని చూశాడు, బల్ల చూశాడు, నన్ను చూశాడు. పాస్‌పోర్టులు తీసుకుని సొరుగు మూసేశాడు.

ఆవిడను కింద ఎక్కడో చల్లటి గదికి తీసుకెళ్ళారు. అక్కడి నుంచి న్యూయార్క్ నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ రెండు గదులకూ నేనొక్కదాన్నే. పొద్దున్నే తలుపు కింద నుంచి ఆవిడ పేరు మీద ఆ రోజు కార్యక్రమాల కాగితం వచ్చేది. ఒకసారి భోజనాల హాలుకు వెళ్ళాను. ఇద్దరి బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఎదుటి ప్లేటు, చెంచాలు, గ్లాసు ఒక్కొక్కటే తీసుకెళ్ళిపోయారు. నేను లేచి వచ్చేశాను. తర్వాత విశాఖ అతనే గదికి అన్నం తెచ్చేవాడు.

పడమటి వైపు వెళుతున్నాం కాబట్టి ఓడలో గడియారాలు వెనక్కి తిప్పుతూ వచ్చారు. తెల్లారి లేచేసరికి ఒక గంట అదనంగా చేతిలో ఉండేది. మిగతావాళ్ళు ఆ గంట కూడా నిద్రపోయేవారు. నేను డెక్ మీదికి వెళ్ళి నీళ్ళు చూస్తూ నిలబడేదాన్ని. ఎటు చూసినా నీళ్ళే, ఒక పక్షి కూడా లేదు. ఈ తిరిగొచ్చిన కాలం నాకెందుకు, ఆ మధ్యాహ్నం పదినిమిషాలు వెనక్కి ఇస్తే చాలు కదా అనుకుని ఏడ్చేదాన్ని. అక్కడైతే గాలికి కన్నీళ్ళు వచ్చాయనుకుంటారు.

ఆఖరి రోజు విశాఖ అతను నాకు అన్నం పెట్టి వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగాడు.

“అక్కా, రేపు వాళ్ళమ్మాయి వొస్తాదంట. నిన్ను దుబాయ్ పంపాలంటే ఆవిడే కాయితం రాసి సంతకం ఎట్టాలంట. లేకపోతే ఇక్కడోళ్ళు నిన్ను దిగనివ్వరు, ఇండియాకే తోసేస్తారు.”

“తెలుసు తమ్ముడూ.”

“సంతకం అయ్యీదాకా ఆ గంట ఊసెత్తకు. నాను సూడలేదు.”

“పోయింది ఆవిడ కన్నతల్లి తమ్ముడూ.”

“నీకూ కూతురుంది గదా,” అన్నాడు.

కూతురు ఓడ మీదికే వచ్చింది. అరవై దాటిన మనిషి, తల్లి ముక్కే, తల్లి నుదురే. కింద తల్లిని చూసి వచ్చి, నా గదిలో కుర్చీలో కూర్చుంది. అదే కుర్చీ. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది. ఆరేళ్ళలో ఆవిడ తల్లి నా చెయ్యి పట్టుకోలేదు, బాత్రూమ్‌కు నడిపించినప్పుడు తప్ప. చాలాసేపు ఇద్దరం ఏడ్చాం. తర్వాత ముక్కు తుడుచుకుని హిందీలో అడిగింది.

“అమ్మ గంట కొట్టిందా?”

ఆవిడ బ్యాగులో నుంచి కాగితం పైకి కనబడుతోంది. టైపు చేయించి తెచ్చింది. సంతకం ఇంకా పెట్టలేదు.

“లేదు మేడమ్. కొట్టలేదు.”

ఆవిడ కళ్ళు మూసుకుని, గుండెల నిండా ఊపిరి తీసుకుంది. “అయితే నిద్రలోనే పోయింది. ఏమైనా అయి ఉంటే కొట్టేది. నువ్వు వెంటనే వెళ్ళేదానివి,” అంది. ఆ మాట నాతో అన్నట్టు లేదు, తనకు తను చెప్పుకున్నట్టుంది. కాగితం తీసి సంతకం పెట్టింది.

నేను చెప్పిన దాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అంత పెద్ద అబద్ధం నా జన్మలో ఇంకెప్పుడూ ఆడలేదు.

సామాన్లు సర్దుతూ కూతురు, సొరుగులో మూట చూసింది. విప్పలేదు, తువ్వాలు పైనుంచే తడిమి గంట అని పోల్చుకుంది. దారిలో మోగకుండా నేను జాగ్రత్తగా చుట్టి పెట్టాననుకుంది. “ఇది నీదే, నువ్వే ఉంచుకో,” అని నా చేతిలో పెట్టింది. తీసుకున్నాను. వద్దంటే ఎందుకని అడుగుతుంది కదా.

ఏటా ఆ రోజున న్యూయార్క్ నుంచి ఫోన్ వస్తుంది. మా అమ్మ ఆఖరి రోజున ఒంటరిగా లేదు, నువ్వున్నావు అంటుంది. ఈ ఏడు ఎలాగైనా చెప్పేద్దామనుకున్నాను. నా కూతురి చదువు అయిపోయింది, నా వీసా ఇప్పుడు వేరే వాళ్ళ మీద ఉంది, పోయేదేమీ లేదు. ఫోన్ వచ్చింది. నా కూతురు ఎలా ఉందని ముందే అడిగింది. బాగుంది మేడమ్ అని చెప్పి పెట్టేశాను. గంట నా మంచం కింద పెట్టెలో అదే తువ్వాలులో ఉంది. విప్పలేదు.

ఇప్పుడు షార్జాలోనే ఇంకొక ముసలావిడను చూసుకుంటున్నాను. హైదరాబాద్ వాళ్ళు, తెలుగూ ఉర్దూ రెండూ మాట్లాడతారు. మధ్యాహ్నం ఆవిడ నిద్రపోయేటప్పుడు నేను గదిలోనే మంచం పక్కన కింద కూర్చుంటాను. నేనక్కడ కనబడితే ఆవిడకు ఒళ్ళు మంట. కళ్ళు తెరిచినప్పుడల్లా, “నువ్వేందమ్మా ఈడనే కూసున్నవ్? నిన్నెవరు పిలిచిండ్రు? పో బయటికి, ఖలాస్” అంటుంది. కోడలికి కూడా చెప్పింది. ఇంకోసారి పిలవకుండా గదిలో కనిపిస్తే పనిలోంచి తీసేస్తానని కోడలు నిన్ననే అంది.

సరేనండీ అన్నాను. ఈరోజు మధ్యాహ్నం కూడా వెళ్ళి కూర్చున్నాను.