నాయనమ్మ పాటను సాగదీసిన టేప్‌రికార్డర్

మా చిన్నాయన కాశిబుగ్గలో మగ్గం నేసేవాడు. కోపమొస్తే మాట్లాడకుండా ముక్కు రుద్దుకునేవాడు. వాళ్లమ్మ పాటను, అంటే మా నాయనమ్మ పాటను, దాచుకోవాలని ఆశపడి హనుమకొండలో టేప్‌రికార్డర్ కొన్నాడు. దుకాణంలో చక్కగా మోగిన ఆ పెట్టె ఇంటికొచ్చాక ఆమె గొంతును సాగదీసి మగగొంతు చేసింది. మళ్లీ మోసుకుపోతే, "మంచిగనే మోగుతాంది గదా!" అని సేటు తిప్పి పంపాడు.

ఎర్రబడిన ముక్కుతో తిరిగొచ్చిన కొడుకును చూసి నాయనమ్మకు జాలేసింది.

"నేనే జర ఉరికిచ్చి పాడుత తియ్ బిడ్డా. అప్పుడు సక్కగొస్తదేమో."

"ఖరాబైంది అదైతే నువ్వెందుకు మారాలె అవ్వా? నువ్వు ఎప్పటిలెక్కనే పాడు, నేను వింట" అంటూ చిన్నాయన ఆమె ముందు కూర్చున్నాడు.

ఆమె హాయిగా పాడింది. ఆయన మాత్రం పాట అయిపోయేదాకా ఆ పెట్టె వైపే కోపంగా చూస్తూ ఉండిపోయాడు.