అల్లుడి సోలారు మీటింగులో నా మాట

పొద్దున మా అల్లుడు ఇంట్లోనే కూర్చుని నాలుగు దేశాలోళ్లతో వీడియో మీటింగు పెట్టినాడు. ఎక్కడ సోలారు పంపులు ఎట్లా అమ్ముడుపోతాండాయో ఒకరికొకరు చెప్పుకుంటారంట. "మామా, మీకివేం తెలీవు, రూములోంచి రావద్దండి," అన్నాడు. అనంతపురంలో పదేండ్లు సోలారు పంపుతో సేద్యం చేసినోణ్ణి నేను.

కాఫీ వంకతో బయటికొచ్చినా. సోలారు కొన్న రైతు పాత కరెంటు మోటారు ఎందుకు తీసేయడని ఇండోనేషియా మేడమ్ అడిగిందని మనవరాలు నా చెవిలో చెప్పింది. అల్లుడు కాగితాలు తిరగేస్తాండాడు.

"మబ్బు పడితే నీళ్లు సరిగా రావు తల్లీ," అని తెలుగులోనే అందుకున్నా. అల్లుడు ఇంగ్లీషులో చెప్పక తప్పలేదు. మేడమ్ నన్ను కూర్చోబెట్టి ఇంకా అడిగింది.

"నాకేం తెలీదని నన్ను రూములో పెట్టినావు కదా అల్లుడూ, అది కూడా చెప్పు," అన్నా. ఆ ముక్క మింగేసినాడు. మీటింగులో ఉన్న నెల్లూరు పిల్ల నవ్వుకుంటా మేడమ్‌కి మొత్తం ఇంగ్లీషులో చెప్పేసింది.

అప్పట్నుంచి అల్లుడికి నాతో మాటల్లేవు. నాకు మాత్రం భలే హాయిగా ఉండాది. తప్పంటారా?