బాతుల వేట కింద పెన్సిలు గీతలు

ఆ రోజుల్లో మా కొండల వైపు తుపాకుల గొడవ. పాతపట్నం బస్సు ఆపి పోలీసులు సంచులు వెతికారు. నా సంచిలో పకోడీల కొట్టులో అడిగి తెచ్చుకున్న పాత ఇంగ్లీషు పత్రిక ఉంది. అందులో బాతుల వేట వ్యాసం, తుపాకీ ఎత్తిన దొర బొమ్మ.

“ఏటిరా ఇది?” అన్నాడు జవాను.

“బాతుల వేటండి. ఇంగ్లీషు నేర్సుకుంతన్నాను.”

“మరి ఈ గీతలేటి?”

పొంచి ఉండడం, గురి చూడడం, కాల్చడం. సరిగ్గా ఆ మాటల కిందే గీతలున్నాయి.

“తెలీని మాటలండి.” నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

నా పెన్సిలుతోనే ఆ పేజీ మీద నా పేరు, ఊరు రాసుకుని, చింపి జేబులో పెట్టుకున్నాడు. ఏడాది పాటు జీపు చప్పుడైతే చాలు, అన్నం దిగేది కాదు.

ఇప్పటికీ తెలియని మాట ఎదురైతే ముందు పెన్సిలు కింద పెట్టేస్తాను.