చనిపోయాక నవ్వాల్సిన షాట్

ప్రాణమిచ్చి, నోటికి మాటలిచ్చి, ఇంత కాలం నడిపించిన దేవునికి స్తోత్రం. ఆయన కృప లేకపోతే నాటకాల్లో గానీ కెమెరా ముందు గానీ నేను ఒక్క రోజు కూడా నిలిచేదాన్ని కాను.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది ఎండాకాలంలో ఒక టీవీ సీరియల్‌లో అత్తగారి పాత్రకు నన్ను తీసుకున్నారు. షూటింగ్ ఇబ్రహీంపట్నం ఊరి చివర, అద్దెకు తీసుకున్న ఇంట్లో. నేను మొదట గుంటూరు వైపు పౌరాణిక నాటకాలు ఆడి, సినిమాల్లో చిన్న వేషాల కోసం వచ్చి, అబ్దుల్లాపూర్‌మెట్‌లో స్థిరపడ్డదాన్ని.

సీరియల్‌లో పాత్ర ఎప్పుడు ముగుస్తుందో ఆర్టిస్టుకు ముందుగా తెలియదు. డైరెక్టర్ తన నోటితో చెప్పరు, ఆ పని కో-డైరెక్టర్‌ది. ఒక రోజు పొద్దున మేకప్ వేయించుకుంటుంటే ఆయన వచ్చి, "అమ్మా, ఇవాళ మీ చావు. టిఫిన్ చేశారా?" అని అడిగాడు.

హాల్లో నేల మీద చాప వేసి నన్ను పడుకోబెట్టి, ముక్కులో దూది పెట్టి, కాలి బొటనవేళ్లు కట్టి, తల దగ్గర దీపం వెలిగించారు. సీన్ త్వరగానే ఓకే అయింది. మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. శవంగా నటించిన మనిషి, కెమెరా తిరుగుతుండగానే లేచి కూర్చుని లెన్సులోకి చూసి నవ్వాలి. ఆ ముక్క టీవీలో రాదు. చావు ఆ మనిషిని అంటుకోకూడదని మాత్రమే తీస్తారు. నాటకంలో తెర పడగానే అందరం లేచి జనానికి నమస్కారం పెడతాం కాబట్టి అక్కడ నాకు ఈ చిక్కు రాలేదు. కెమెరా ముందు చచ్చే వేషం అదే మొదటిది.

నవ్వమన్నారు. నేను నవ్వలేదు. ముందటి ఆదివారమే మా సంఘంలో పాస్టర్‌గారు శకునాలు నమ్మకూడదని వాక్యం చెప్పారు. మరణాన్ని గెలిచిన ప్రభువును నమ్ముకుని, చావు అంటుకుంటుందని నవ్వడమేమిటి అనిపించింది.

కో-డైరెక్టర్ నన్ను వింతగా చూశాడు. "ఇన్నాళ్లు సీరియల్‌లో బొట్టు పెట్టుకుని, గంట కొట్టి పూజలు చేశారు. అప్పుడు రాని ఇబ్బంది నవ్వడానికి వచ్చిందా అమ్మా?"

పూజ చేసింది పాత్ర, పాత్ర పోయాక లేచి నవ్వేది నేను అని చెప్పాను. చెబుతుంటే నాకే సరిగ్గా బోధపడలేదు. మీ ఇష్టం అని ఆయన కట్ చెప్పించాడు. తర్వాతి సీన్ కోసం కెమెరా చెరువు కట్ట మీదికి వెళ్లిపోయింది.

అప్పుడు, గుమ్మం పక్క నుంచి అంతా విన్న ఇంటావిడ యాదమ్మ వచ్చింది. భర్త చెరువులో చేపలు పడతాడు. షూటింగ్ అంటే ఇల్లిచ్చారు గానీ, లోపల శవాన్ని పడుకోబెడతారని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆమె మామ జబ్బు చేసి దవాఖానలో ఉన్నాడు. నన్ను పడుకోబెట్టింది ఆయన మంచం ఉండే చోటట.

"లేసి నవ్వకుంటనే పోతవా అక్కా? సావు మా ఇంట్లనే కూసుంటది."

అది నటన అన్నాను. నటనని తనకూ ఎరుకే అంది. మీ మామ కోసం ప్రార్థన చేస్తానన్నాను. నవ్వినంక చెయ్యమంది.

నవ్వితే శకునాన్ని ఒప్పుకున్నట్టు. నవ్వకుండా కారెక్కితే నా విశ్వాసం నాకుంటుంది, భయం మాత్రం ఆమె ఇంట్లో ఉంటుంది. ఇన్నేళ్లు విన్న వాక్యాలన్నీ తలచుకున్నాను. ఒకటి అటు లాగింది, ఇంకొకటి ఇటు లాగింది. చివరికి సరే అన్నాను. కెమెరా లేదు కదా అంటే, తనను చూసి నవ్వితే చాలంది.

మళ్లీ దీపం దగ్గర పడుకుని లేచాను. నవ్వు రాలేదు. యాక్షన్ అనేవాళ్లు లేరు, ముందొక డైలాగు లేదు, ఎందుకు నవ్వుతున్నానో నాకే తెలియదు. పళ్లు మాత్రం బయటపెట్టాను.

యాదమ్మ వంగి నా మొహం చూసింది. "గట్ల నవ్వితే మా మామ దవాఖానల్నే జడుసుకుంటడు" అంది. ముక్కులో దూది ఇంకా అలాగే ఉందని అప్పుడు తెలిసింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెను చూసి నాకూ నిజంగానే నవ్వొచ్చింది. ఆ తర్వాత, మాటిచ్చినట్టే, అక్కడే కూర్చుని ప్రార్థన చేశాను. ఆమె దీపం ఆర్పి చాప చుట్టేసింది.

కొన్నాళ్లకు మామ ఇంటికొచ్చాడు. యాదమ్మ షూటింగ్ వ్యానులో చేపలు పంపి, నవ్వినందుకే ఆయన బతికాడని ఫోన్ చేసింది. ప్రార్థన వల్ల అన్నాను. "అవ్, గది గూడ గావచ్చు. చేపలు జల్ది వండుకో, కరాబైతయ్" అంది. వండుకున్నాను. ఏది నిజమో తేల్చుకోలేకపోయాను.

రిటైరయ్యేలోగా ఇంకొన్ని చావు సీన్లు చేశాను. ప్రతిసారీ మేకప్‌కు కూర్చునే ముందే ఇంటివాళ్లను కలిసి, లోపల ఏం తీయబోతున్నారో చెప్పాను. వద్దంటే పక్క గదిలో తీయించాను. చివర లేచి వాళ్ల వైపు చూసి నవ్వాను. నేర్చుకున్నది ఇంతే. మేం లొకేషన్ అని పిలిచేది ఒకరి ఇల్లు, అందులో చనిపోవడానికి వాళ్ల అనుమతి కావాలి. ఆ నవ్వు దేవుని ముందు తప్పో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఇది చదువుతున్న మీరు ఎలా ప్రార్థించేవారైనా సరే, ఆ సంగతి నాకు తేటపరచమని నాతో కలిసి ఆయనను అడగండి.