దుప్పటి మాత్రం తెల్లగానే ఉంది

ఫోటో ల్యాబ్‌లో ఆమెను అందరూ రంగులక్కయ్య అనేవారు. కిటికీల్లేని గది, గోడలకు బూడిదరంగు, ఎదురుగా రెండు తెరలు. ఎర్రబడ్డ పెళ్లికూతురి మొహాన్నీ, నీలంగా వచ్చిన తాతగారి జుట్టునూ దారిలో పెట్టడం ఆమె పని. మొహం మీద మచ్చ తీసేయమని ఎవరైనా అడిగితే, "తీస్తాను గానీ, రేపు ఇంట్లో వాళ్లు గుర్తుపట్టకపోతే నా మీద పడకండి" అనేది. భర్త పోయాక కూతుర్ని ఆ పని మీదే పెంచి పెళ్లి చేసింది.

కూతురికి పాప పుట్టిన రోజు ఆసుపత్రికి వెళ్లి కళ్లారా చూసుకుంది. మర్నాడే ఆమెకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. కూతురి అత్తగారు ఫోన్ చేసి, "ఏమీ అనుకోకండి వదినగారూ, పచ్చి పసికందు. దగ్గు తగ్గేదాకా రాకండి" అంది. అందులో తప్పేముంది? ఊరికి ఆ చివర కూతురిల్లు, ఈ చివర తన ఒంటిగది. అల్లుడు పంపే ఫోటోలే ఆమెకు ఊపిరి. మంచి కెమెరాతో తీసి, కంప్యూటర్‌లో చిన్నవి చేసి రోజూ ఫోన్‌కి పంపేవాడు. మంచం మీద పడుకుని వాటినే చూసుకుంటూ, "ఎంత తేటగా ఉందే నా బంగారు తల్లి" అని మురిసిపోయేది.

దగ్గు తగ్గి పనిలోకి వచ్చిన రోజు మధ్యాహ్నం అల్లుడు ల్యాబ్‌కి వచ్చాడు. "పాప ఫోటో హాల్లో పెట్టుకోవాలి అత్తయ్యా, పెద్దది తీయండి. కెమెరాలోంచి నేరుగా తెచ్చాను" అని పెన్‌డ్రైవ్ చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు.

ఫోటో తెరవగానే సాఫ్ట్‌వేర్ ఎప్పటిలాగే ఒక పెట్టె ముందుకు తోసింది. ఈ ఫోటో వెంట వేరే కలర్ ప్రొఫైల్ వచ్చింది, ఉంచాలా, మార్చాలా, పారేయాలా అని. ఫోటోలో ప్రతి చుక్కా లోపల అంకెలుగానే ఉంటుంది; ప్రొఫైల్ అంటే ఏ అంకె నిజానికి ఏ రంగో చెప్పే వివరం. అది పోతే అంకెలుంటాయి, రంగులు మారిపోతాయి. ల్యాబ్‌లో ఆ పెట్టె అంటే అందరికీ చిరాకే. పని ఒత్తిడిలో ఏదో ఒకటి నొక్కి పారేస్తారు, ఆమె కూడా అంతే. ఈసారి మాత్రం మనవరాలి ఫోటో కదా అని ఆగి చదివి, ఉంచమని నొక్కింది.

తెర మీద పాప పచ్చగా కనిపించింది.

రంగులక్కయ్య ముందు తెరనే అనుమానించింది. రెండో తెర మీదికి లాగి చూసింది. అక్కడా అంతే. గదిలో దీపం రంగు పడిందేమోనని చుట్టూ వెతికింది. పాప కప్పుకున్న దుప్పటి తెల్లగానే ఉంది. వెనక గోడ తెల్లగానే ఉంది. పాప నుదురు, బుగ్గలు, కాస్త తెరిచిన కళ్ల కొసలు మాత్రం పండిన నిమ్మకాయలా ఉన్నాయి.

ఫోటో మూసి మళ్లీ తెరిచి, ఈసారి పారేయమని నొక్కింది. పసుపు వెలిసిపోయింది. వారం రోజులుగా తను మురిసిపోయిన తేట మొహం వచ్చి కూర్చుంది.

"అదేంటత్తయ్యా, ఇందాక అలా ఉందేం?" అన్నాడు అల్లుడు నవ్వుతూ.

ఆమె వెంటనే కూతురికి ఫోన్ కలిపింది. "పాప పాలు తాగుతోందా?"

"తాగుతూ తాగుతూనే నిద్రపోతోందమ్మా. అసలు ఏడవదు. ఎంత బుద్ధిమంతురాలో అని అందరూ అంటున్నారు."

"కళ్లు పచ్చగా ఉన్నాయా?"

"నాకూ అనిపించింది. ఇక్కడ పరదాలు వేసే ఉంటాయి కదా, బల్బు వెలుగు అనుకున్నాం. ఆయన ఫోటోలో చూస్తే బాగానే ఉంది. ఆసుపత్రి నర్సుగారికి కూడా అదే పంపాం. ఫర్వాలేదు అన్నారు."

"పరదా తీసి చూడు. కాదు, చూడ్డం కాదు. బట్టలు సర్దు, వస్తున్నాం."

ఇద్దరూ ఆటో ఎక్కారు. ఇంట్లో అడుగుపెట్టగానే ఆమె వియ్యపురాలిని కూడా పలకరించకుండా గదిలోకి వెళ్లి పరదా లాగేసింది. పగటి వెలుగు పాప మీద పడింది. చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చి చిట్టి ముక్కు మీద వేలితో నెమ్మదిగా నొక్కి తీసింది. నొక్కిన చోట తెల్లబడాల్సిన చర్మం పసుపుగా మిగిలింది. పాప కదల్లేదు. వియ్యపురాలు గుమ్మం దగ్గరే కూలబడి, "వదినగారూ, మిమ్మల్ని రావద్దన్న నోరు పడిపోనూ" అంది.

"ఇప్పుడు ఆ మాటలెందుకు, లేవండి" అని ఆమె పాపను ఎత్తుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, "కామెర్లు బాగా ముదిరాయి" అంది. పాప కళ్లకు గంతలు కట్టి నీలి దీపాల కింద పడుకోబెట్టారు. అది చాలక రక్తం మార్చాల్సి వచ్చింది. బయట బల్ల మీద అల్లుడు రెండు చేతుల్లో తల పెట్టుకుని కూర్చున్నాడు. "నా కంప్యూటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఏమీ అడగదత్తయ్యా. తెరుస్తాం, చిన్నది చేస్తాం, పంపుతాం. అంతే."

"అడగాలి బాబూ. ఫోటోతో వచ్చినదాన్ని పారేసే ముందు అడగాలి. అడిగే ఓపిక లేకపోతే దాన్ని అలాగే ఫోటో వెంట పంపాలి. లేదా రంగు చెడకుండా మార్చి, మార్చానని చెప్పాలి. పారేసి, ఏమీ జరగనట్టు ఊరుకుంటే మనకెలా తెలుస్తుంది?" ఆమె గొంతు తగ్గింది. "అయినా అడిగినప్పుడు చదివిందెవరు? నేను చదివానా ఇన్నాళ్లూ?"

పాప బతికింది. పచ్చదనం దిగింది, పాలు తాగింది, బొద్దుగా తయారైంది. కానీ వినికిడి పరీక్షలో ఎడమ చెవి నుంచి ఏ జవాబూ రాలేదు. రెండోసారి చేసినా రాలేదు. కామెర్లు ముదిరి చెవి నరాన్ని దెబ్బతీశాయట. కుడి చెవి పని చేస్తోందని, అది కూడా జాగ్రత్తగా చూసుకుంటూ ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. ఎన్నాళ్లు అంటే, చెప్పలేనంది.

తర్వాత ల్యాబ్ యజమాని కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించాడు. అందులో ఆ పెట్టె రాకుండా ముందే కట్టేశారు. పని చకచకా సాగుతోందని అందరూ సంతోషించారు. రంగులక్కయ్య తన కుర్చీ దగ్గర దాన్ని మళ్లీ తెరిపించుకుంది. మిగతా కుర్చీల్లో ఫోటోలు నిశ్శబ్దంగా రంగు మార్చుకుని బయటికి వెళ్తూనే ఉన్నాయి. చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పి పుట్టింది.

మనవరాలు ఇప్పుడు ఇల్లంతా పరుగులు పెడుతుంది. అప్పుడప్పుడు అమ్మమ్మ దగ్గరికి వస్తుంది. నిద్రలో కుడివైపు ఒత్తిగిలి పడుకుంటే, వినే చెవి దిండులో మూసుకుపోయి, ఎంత పిలిచినా లేవదు. కూతురైతే గుమ్మంలోంచి గట్టిగా కేకేస్తుంది. రంగులక్కయ్య కేకేయదు. పరదా తీసి, వెలుగులో ఆ మొహం కాసేపు చూసి, గుండెల మీద చెయ్యి ఆనించి ఊపిరి తగిలాకే లేపుతుంది.