ముఖం తెలిసిన మనిషి

ఆవిడ పేరు నేను అడగలేదు. అనంతపురం నుంచి గుత్తి పోయే బస్సులో నా పక్కన కూర్చుంది. ఎక్కడో చూసిన ముఖమే అనుకుంటుంటే, ముందు సీటులోని అవ్వ వెనక్కి తిరిగింది.

"నువ్వు సీరియల్లో పెద్దత్తవి కదమ్మా? మొన్న సచ్చిపోయినావే! మా ఇంట్లో అందరం ఏడ్సినాం."

ఆవిడ నవ్వి దణ్ణం పెట్టింది. అవ్వ అటు తిరగగానే ఆ నవ్వు పోయింది.

"ముప్పై ఏళ్లుగా తల్లి, వదిన, పనిమనిషి, ఏ వేషమిచ్చినా కాదనలేదు," అంది నాతో. "సీరియల్లో నా ఫొటోకు దండ వేశాక ఒక్కరూ పిలవలేదు. పామిడి దగ్గర పెన్నలో షూటింగట. పిలవకపోయినా పోతున్నాను. నా ముఖం మరీ వాడిపోయిందా?"

"ల్యాదమ్మా, బాగుండాది," అన్నాను. ఆవిడ నమ్మలేదు.

పెన్న వంతెన దగ్గర షూటింగ్ వ్యాన్లు అడ్డుండి బస్సు ఆగింది. ఆవిడ దిగి, రోడ్డు పక్కనున్న షూటింగ్ మేనేజరు దగ్గరికి దాదాపు పరుగెత్తింది. వాళ్ల మాటలు కిటికీలోంచి వినిపించాయి.

"మీకు తగ్గ వేషం లేదమ్మా."

"గుంపులో నిలబెట్టు బాబూ, చాలు."

బిందెలతో ఎండలో వరుసగా నిలబడ్డ ఊరి ఆడవాళ్ల వైపు చూశాడతను. "గుంపులో ఎట్లా? మీ ముఖం అందరికీ తెలుసు కదా."

ఆవిడ కొంగును గడ్డం దాకా ముసుగులా లాక్కుని, ఖాళీ బిందె ఒకటి చంకనెత్తుకుని, ఆ వరుస చివర నిలబడింది.

మేనేజరు వద్దనలేదు.